ఏడు వదిలేసి ఎనిమిది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. రాసినవాళ్లు వేరు, కష్టాలు వేరు. కానీ నాలుగింటి వెనకా ఉన్నది ‘తర్వాత’ అన్న మాటే. అమ్మ తర్వాత, మా తర్వాత, నేను పోయిన తర్వాత. వైకల్యం ఉన్న పెద్దపిల్లల భవిష్యత్తు గురించి ఇటలీలో 2016లో ఒక చట్టం చేశారు. 112వ నంబరు చట్టం అంటే ఎవరికీ గుర్తుండదు, ‘మా తర్వాత’ చట్టం అంటే అక్కడ అందరికీ తెలుసు. జపాన్‌లో కూడా ఇలాంటి కుటుంబాలవాళ్లు కలిస్తే ‘తల్లిదండ్రులు పోయాక’ అన్న మాట రాకుండా ఉండదు. భాష ఏదైనా మన నిద్ర చెడగొట్టేది ఈ ఒక్క మాటే.

కొత్తగా చదువుతున్నవాళ్లకు నా సంగతి చెప్పాలి. నా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. వాడికిప్పుడు 51 ఏళ్లు. అమ్మ పోయేనాటికి 37. అప్పటినుంచి వాడి మంచీ చెడూ చూసేది నేనే. నేను లాయర్ని కాను, డాక్టర్ని కాను. ఈ పద్నాలుగేళ్లలో తగిలిన దెబ్బలవల్ల నేర్చుకున్నదే రాస్తాను.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మా అబ్బాయికి 34. ఆటిజం, మాటలు రావు. మావారు పోయి ఆరేళ్లయింది. అమ్మాయి, అల్లుడు మంచివాళ్లు. ‘ఇల్లూ డబ్బూ నా పేర రాసెయ్యమ్మా, తమ్ముణ్ని కడదాకా నేను చూసుకుంటా’ అంటోంది. రాసేయమంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మాట మీద నాకు ఇసుమంత అనుమానం లేదు. అయినా రాసేయకండి.

ఆస్తి ఆమె పేర మారిన మరుక్షణం అది ఆమెది అయిపోతుంది. ‘తమ్ముడి కోసం’ అన్నది మీ ఇద్దరి మనసుల్లో ఉంటుంది గానీ కాగితం మీద ఉండదు. రేపు వాళ్లకి అప్పులైతే అప్పులవాళ్లు ఆ ఇంటి మీదకే వస్తారు. ఆలుమగల మధ్య పొరపొచ్చాలు వచ్చి విడిపోవలసి వస్తే ఆ ఇల్లూ తగువులో పడుతుంది. ఇంకొకటుంది, ఎవరూ నోరు తెరిచి అనరు. మీ అమ్మాయే ముందు పోతే? ఆమె ఆస్తి ఆమె భర్తకీ పిల్లలకీ వెళుతుంది. మీ అబ్బాయికి అందులో అడిగే హక్కు ఉండదు. మాట ఇచ్చిన మనిషే లేనప్పుడు ఆ మాట ఎవరిని అడుగుతాం?

పోనీ నేరుగా అబ్బాయి పేరనే పెడదామంటే అక్కడ ఇంకో చిక్కు. చాలా దేశాల్లో వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం చేసే సాయం, వాళ్ల పేర ఎంత ఉందో చూసి చేస్తారు. హద్దు దాటితే ఆపేస్తారు. పైగా సంతకం పెట్టలేని మనిషి పేర ఉన్న డబ్బు బ్యాంకులో ఇరుక్కుపోతుంది. లేదంటే చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించేవాడి పాలవుతుంది. వీలునామా రాయకుండా కాలం గడిపేసినా ఇదే జరుగుతుంది. చట్టం తన లెక్క ప్రకారం పంచి, అబ్బాయి వాటా వాడి పేరనే వేస్తుంది.

వీటి నడుమ ఉన్న దారి ట్రస్టు. ఆస్తి ట్రస్టు పేర ఉంటుంది, ఖర్చు పెట్టేది ట్రస్టీలు, పెట్టవలసింది అబ్బాయి కోసం మాత్రమే. ఎవరి అప్పులవాళ్లూ, ఎవరి వారసులూ దాని మీద చెయ్యి వేయడానికి వీల్లేకుండా రాయించుకోవచ్చు. సింగపూర్‌లో ఇలాంటి కుటుంబాల కోసమే 2008లో ప్రభుత్వ సాయంతో ఒక ట్రస్టు కంపెనీ పెట్టారు. అదే ఏడు కెనడాలో వైకల్యం ఉన్నవాళ్ల పేర దీర్ఘకాలం దాచుకునే పొదుపు పథకం ఒకటి మొదలైంది, అందులో కుటుంబం వేసిన దానికి ప్రభుత్వం కూడా కలుపుతుంది. మీరున్న చోట ఏ వెసులుబాటు ఉందో ఈ పని తెలిసిన లాయర్ని అడగండి. మామూలు వీలునామాలు రాసే లాయరు కాదు, వైకల్యం ఉన్న పిల్లల ట్రస్టులు రాసిన అనుభవమున్న లాయరు కావాలి. అబ్బాయికి ఏదైనా ఇద్దామనుకునే బాబాయిలూ అత్తయ్యలూ ఉంటే వాళ్లకీ చెప్పండి, వాడి పేర కాకుండా ట్రస్టు పేర ఇమ్మని.

ట్రస్టీల విషయంలో ఒక్కదాని మీద మాత్రం పట్టుబడతాను. డబ్బు చేతిలో ఉన్న మనిషీ, అబ్బాయిని దగ్గర పెట్టుకున్న మనిషీ ఒకరే కాకూడదు. ఇది అనుమానంతో అంటున్నది కాదు. ఒకే మనిషి ఇరవై ఏళ్లు రెండూ మోస్తే అలిసిపోతుంది. అలిసిపోయిన మనిషి ఎక్కడ తగ్గించిందో తనకే తెలియదు. చూసే మనిషి ఖర్చు అడగాలి, ఇచ్చే మనిషి లెక్క అడగాలి. మీ అమ్మాయిని ఈ రెండింటిలో ఏది కావాలో ఎంచుకోమనండి. ఒక ట్రస్టీ పోతే తర్వాత ఎవరన్నది కూడా అందులోనే రాసి పెట్టాలి.

ఇక గార్డియన్, అంటే చట్టప్రకారం వాడి తరఫున నిర్ణయాలు తీసుకునే మనిషి మాట. పిల్లలు మేజర్లయ్యాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు. ఇది ఆస్పత్రిలో ఆపరేషన్ కాగితం ముందు పెట్టేదాకా చాలామందికి తెలియదు. చాలా చోట్ల కోర్టు ద్వారానో, దానికోసం పెట్టిన కమిటీ ద్వారానో గార్డియన్‌ని నియమించుకోవాలి. అయితే ఆ పనికి పరుగెత్తే ముందు ఒక్కసారి ఆగండి. స్వీడన్ 1989లోనే పెద్దవాళ్ల హక్కులన్నీ తీసేసి ఇంకొకరి చేతిలో పెట్టే పద్ధతికి స్వస్తి చెప్పింది. పెరూ 2018లో వైకల్యం కారణంగా మనిషికి గార్డియన్‌ని పెట్టే పద్ధతి తీసేసి, నిర్ణయం తీసుకోవడానికి తోడు నిలిచే మనుషుల్ని పెట్టింది. మాటలు రాని వాడికి ఇష్టాయిష్టాలు లేవని కాదు కదా. మీ అబ్బాయి ‘వద్దు’ అని ఎలా చెబుతాడో మీకు తెలుసు. అది తెలిసిన రెండో మనిషి ఈ లోకంలో ఉన్నారా?

ఇక్కడి నుంచే అసలు చెప్పదలుచుకున్నది మొదలవుతుంది. పైన రాసిందంతా లాయరు దగ్గర నాలుగు దఫాల్లో తేలే పని.

మా నాన్న బ్యాంకులో పనిచేశాడు. ఆయన పోయేముందే తమ్ముడి కాగితాలన్నీ పద్ధతిగా సర్దిపెట్టాడు. తర్వాత అమ్మ నిద్రలోనే పోయింది. అప్పుడు నాకు ఒక్క సంతకం కోసమైనా వెతుక్కోవలసిన పని పడలేదు. బీరువా తీస్తే అన్నీ వరసగా ఉన్నాయి. నాలుగో రోజు తమ్ముడికి తలస్నానం చేయించబోయాను. మగ్గుతో నీళ్లు తీసి పోస్తుంటే నన్ను తోసేసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని, బాత్రూమ్ మూలకి వెళ్లి నక్కాడు. అమ్మ మీద బెంగ అనుకున్నాను. వారం ఆగాను. మళ్లీ అదే. అమ్మ లెక్కపెడుతూ నీళ్లు పోసేదని నాకు గుర్తుంది, నేనూ లెక్కపెట్టాను. ఆరు మగ్గులదాకా బాగానే ఉండేవాడు, తర్వాత చేతులు పైకి లేచేవి. ఏడు వారాలు అలాగే గడిచింది. జుట్టు జిడ్డు పట్టి, మాడు మీద పుళ్లు లేచాయి. గుండు చేయించాలంటే వాణ్ని నలుగురు పట్టుకోవాలి. డాక్టరు మందు రాశాడు. అది వేస్తే పగలంతా మత్తుగా పడుకునేవాడు గానీ తలమీద నీళ్లు మాత్రం పడనిచ్చేవాడు కాదు.

ఒకప్పుడు అమ్మకి ఇంటిపనిలో సాయంగా ఉండి, ముసలితనం వచ్చి మానేసిన ఆవిడ పలకరించడానికి వచ్చింది. వాడి తల చూసి, ఏం మాట్లాడకుండా కొంగు దోపుకుని మగ్గు అందుకుంది. ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది’ అంది. వాడు తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. ‘తొమ్మిది, పది’ అని వాడే అందుకున్నాడు. ఇరవై అనేసరికి చప్పట్లు కొట్టాడు.

చిన్నప్పుడు అంకెలు నేర్చుకునేటప్పుడు వాడి లెక్కలో ఏడు ఉండేది కాదు. దిద్దీ దిద్దీ అమ్మ కూడా వదిలేసింది. వాడితో లెక్కపెట్టినప్పుడల్లా ఆమె కూడా ఏడు అనడం మానేసింది. ముప్ఫై ఏళ్లు అలాగే సాగింది. వాడికి నీళ్లంటే భయం లేదు. ఆ నీళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియకపోతేనే భయం. తనకు తెలిసిన లెక్క నడుస్తుంటే ఇరవైకి ఆగిపోతుందని వాడికి ధైర్యం. నేను ఏడు అనగానే ఆ లెక్క వాడిది కాకుండా పోయేది. పెళ్లయ్యేదాకా నేను అదే ఇంట్లో ఉన్నాను, ఒక్కరోజు కూడా ఇది గమనించలేదు. ఆవిడ ఆ రోజు రాకపోతే నా తమ్ముడు ఈ పాటికి మందుల మత్తులో ఉండేవాడు. ‘మొండివాడు, కొడతాడు’ అని వాడి ఫైల్లో రాసి ఉండేవాళ్లు.

అందుకే అమ్మా, ఇవాళే ఒక నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో మందుల పేర్లు, మోతాదులు రాయండి. ఏ మందు ఎందుకు మొదలైందో, ఏది పడక మానేశారో కూడా రాయండి. అది ఎవరైనా రాస్తారు. ఆ తర్వాత పేజీల్లో మీకు మాత్రమే తెలిసినవి రాయండి. పంటినొప్పి వస్తే ఎలా తెలుస్తుంది? నా తమ్ముడైతే పన్ను చూపించడు, ఎడమచెవి మీద తట్టుకుంటాడు. ఏ చప్పుడు వింటే మీవాడికి కోపం? కోపం వచ్చేముందు ఏం చేస్తాడు, అప్పుడు మీరేం చేస్తారు? రాత్రి లేస్తే మళ్లీ ఎలా పడుకోబెడతారు? ముట్టుకుంటే ఊరుకునేది ఎక్కడ, ఊరుకోనిది ఎక్కడ? ఎవరిని చూస్తే మొహం విప్పారుతుంది? ఇవి మీకు మామూలు సంగతుల్లా కనిపిస్తాయి, రాయబుద్ధి కాదు. అందుకని ఒక పగలంతా పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, మీరు చేసేదంతా వాళ్లని రాయమనండి. ఫోన్లో వీడియో తీయండి. ఏటా వాడి పుట్టినరోజుకి తిరగేసి, మారినవి దిద్ది, తేదీ వేయండి. దీనికి చట్టబలం లేదు. కానీ మీ వెనక మొదటి వారం వాడికి ఆసరా అయ్యేది ఇదే.

రాయడంతో అయిపోదు. మీరు ఇల్లు వదిలి వెళ్లాలి. ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం. మీ అమ్మాయో, కేర్‌టేకరో మీ నోట్‌బుక్ పట్టుకుని వాడితో ఉండాలి. మీరు పక్కగదిలో కూర్చుంటే కుదరదు, మీ అలికిడి వాడికి తెలిసిపోతుంది. ఎక్కడ తడబడ్డారో అక్కడ నోట్‌బుక్‌లో లోపం ఉన్నట్టు. ఫోన్ చేసి అడగడానికి మీరున్నారు కాబట్టి ఈ తప్పులన్నీ ఇప్పుడే జరగనివ్వండి. మొదటిసారి మీకు ప్రాణం కొట్టుకుపోతుంది, నాకు తెలుసు. నా తమ్ముడు ఇప్పుడు వారానికి రెండు రాత్రులు నా దగ్గర ఉండడు. మొదటి రాత్రి నేను తెల్లవార్లూ వాడి మంచం మీదే కూర్చున్నాను.

ప్రశ్న: నాకు 29. అన్నయ్యకి 33, తీవ్రమైన మేధో వైకల్యం, ఫిట్స్ కూడా. అమ్మానాన్నా నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చిన వాళ్లంతా మాత్రం ‘నువ్వున్నావుగా, వాళ్లకేం దిగులు’ అంటారు. నాకు వేరే దేశంలో మంచి ఉద్యోగం వచ్చింది. వెళితే స్వార్థపరురాలినవుతానా?
– ఒక చెల్లెలు

జవాబు: కావు తల్లీ. వెళ్లు.

నీకు కోపం ఉంది, రాయలేదు గానీ అక్షరాల మధ్య కనిపిస్తోంది. అది అన్నయ్య మీద కాదు, అడగకుండానే నీ జీవితానికి లెక్క కట్టేసినవాళ్ల మీద. ఆ కోపం న్యాయమైనదే. అయితే అమ్మానాన్నా అడగకపోవడం నిన్ను లెక్కచేయక కాదనుకుంటాను. అడిగితే నువ్వు ‘వద్దు’ అంటావేమోనని ఒక భయం, నీ నెత్తిన బరువు పెట్టినవాళ్లమవుతామని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య నీలాంటి పిల్లలు ఎదురుచూస్తూ పెద్దవాళ్లయిపోతారు. నువ్వే మొదలుపెట్టు. ‘మీ తర్వాత అన్నయ్య ఎక్కడ ఉండాలని మీకుంది? నేను ఏం చేయగలనో, ఏం చేయలేనో చెబుతాను, వినండి’ అను. ఉద్యోగానికి బయల్దేరే ముందే అను.

చూసుకోవడం అంటే రాత్రింబవళ్లు పక్కనుండడం ఒక్కటే కాదు. లెక్కలు చూసే మనిషి కావాలి. డాక్టరు మందు మారిస్తే ‘ఎందుకు’ అని అడిగే మనిషి కావాలి. అన్నయ్య ఉండే చోటికి చెప్పాపెట్టకుండా వెళ్లి చూసే మనిషి కావాలి. వీటిలో రెండు నువ్వు ఎంత దూరాన ఉన్నా చేయొచ్చు. మూడోదానికి దగ్గరలో ఉన్న ఇంకొకర్ని వెతకాలి. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో కొందరు తల్లిదండ్రులు 1989లో ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల పద్ధతి ఏమిటంటే, ఒక్కో బిడ్డ చుట్టూ జీతం తీసుకోని కొందరు మనుషుల్ని, ఇష్టంతో వచ్చే స్నేహితుల్ని, పొరుగువాళ్లని జత చేయడం. జీతం ఇచ్చే మనిషి మానేసినా వీళ్లు మిగులుతారని వాళ్ల నమ్మకం. నాకు ఇది ఎంతో నచ్చింది. అన్నయ్య చుట్టూ అలా ఎవరున్నారో అమ్మతో కూర్చుని పేర్లు రాయి. ఒక్క పేరే తేలితే మీ మొదటి పని ఆ జాబితా పెంచడమే.

హోమ్‌లో చేర్చాల్సి వస్తే పగలు, రమ్మన్న సమయానికి వెళ్లి చూడొద్దు. సాయంత్రం భోజనాలవేళ వెళ్లు, సెలవురోజు వెళ్లు. అక్కడి మనుషుల గోళ్లు చూడు. మంచాల దగ్గర ఎవరి వస్తువులు వాళ్లకు ఉన్నాయా, అందరివీ కలిపి ఒకే గుట్టగా ఉన్నాయా చూడు. నీతో మాట్లాడేటప్పుడు అక్కడివాళ్లు అన్నయ్య వైపు చూస్తున్నారా, అతను గదిలో లేనట్టే మాట్లాడుతున్నారా గమనించు. రాత్రి ఎంతమంది ఉంటారు, ఫిట్స్ వస్తే మొదటి అయిదు నిమిషాల్లో ఏం చేస్తారు అని అడుగు. ఎందుకంటే అయిదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్ అత్యవసరం. ఈ ప్రశ్నకి తడుముకున్న చోట అన్నయ్యని వదలొద్దు. మంచి చోట్లకి పేరు రాయించుకుని ఏళ్లు ఆగాల్సి వస్తుంది, అవసరం ముంచుకొచ్చేదాకా ఆగితే దొరికినదాన్ని ఒప్పుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 43, డౌన్ సిండ్రోమ్. ఈ ఏడాదిగా పనులు మర్చిపోతోంది. మెట్లు దిగడానికి భయపడుతోంది. తనలో తను ఉంటోంది. ‘వీళ్లకి వయసు మీద పడితే ఇంతేనండీ’ అన్నారు డాక్టరుగారు. మేమిద్దరం డెబ్బై దాటాం.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఆ మాట దగ్గర ఆగిపోకండి, ఇంకో డాక్టర్ని చూడండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకీ నయమయ్యే కారణాలు ఉండొచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు, రక్తపరీక్షతో తెలుస్తుంది. కంట్లో శుక్లాలు త్వరగా వస్తాయి, మెట్ల అంచు కనిపించకపోతే ఎవరైనా భయపడతారు. వినికిడి తగ్గితే తమలో తాము ఉండిపోతారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం వల్ల పగలు మతిమరుపుగా ఉంటుంది. ఈ ఏడాదిలో ఇంట్లో ఎవరైనా పోయారా, ఎవరైనా వెళ్లిపోయారా? దిగులు కూడా ఇలాగే కనిపిస్తుంది. నడక తూలుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా మాత్రం ఆలస్యం చేయకండి. మెడ ఎముకలు జరిగి వెన్నుపాము నలుగుతోందేమో వెంటనే చూపించాలి.

ఇవేవీ కావని తేలితే అప్పుడు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు సంగతి. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే పదార్థం తయారవడానికి మూలమైన జన్యువు ఉన్నది ఆ క్రోమోజోము మీదే. అందుకే 40 ఏళ్లు వచ్చేసరికి దాదాపు వీళ్లందరి మెదడులోనూ ఆ మార్పులు మొదలై ఉంటాయి, మరుపు మాత్రం చాలామందికి 50ల్లో బయటపడుతుంది. మామూలు వాళ్లకిచ్చే జ్ఞాపకశక్తి పరీక్షలు వీళ్లకి సరిపోవు. నిన్నటి ఆమెతో నేటి ఆమెను పోల్చాలి. నేను ఏటా ఒకే రోజున తమ్ముడి వీడియో తీస్తాను, నాలుగు నిమిషాలు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు చెబుతాడు, ఇరవైదాకా లెక్కపెడతాడు. పోయినేడు వీడియో పక్కన పెట్టుకుని చూస్తే మార్పు నాకే తెలుస్తుంది. మీ దగ్గర పాత వీడియోలు, పెళ్లిళ్లలో తీసినవైనా సరే, ఉంటే డాక్టరుకి చూపించండి.

‘తర్వాత’ గురించి ఆలోచించడం మనందరికీ ఆలస్యం ఎందుకైందో కూడా చెబుతాను. తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మకి ‘పాతికేళ్లు దాటడం కష్టం’ అని చెప్పారు. అప్పటికి అది అబద్ధం కాదు. అమెరికాలో 1980ల మొదట్లో కూడా వీళ్ల ఆయుష్షు సుమారు 25 ఏళ్లే, ఇప్పుడది 60 దాకా వచ్చింది. బిడ్డ మనకంటే ముందే పోతుందన్న లెక్కతో పెంచాం, మన తర్వాత అన్న ఊహే రానివ్వలేదు. మీ అమ్మాయి మీ తర్వాత ఇరవై ఏళ్లు ఉండొచ్చు. మరుపు మొదలైతే కొత్త ఇల్లు, కొత్త మనుషులు అలవాటవడం ఇంకా కష్టం. కాబట్టి చోటు మార్చాలన్న ఆలోచన ఉంటే ఈ ఏడాదే, మీరు రోజూ వెళ్లి కూర్చోగలిగినప్పుడే మార్చండి.

ప్రశ్న: నాకు 44. సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చెయిర్‌లో ఉంటాను, మాట స్పష్టంగా ఉండదు, ఇది ఒక్క వేలితో టైపు చేస్తున్నాను. అమ్మానాన్నా, అన్నయ్యా, లాయరూ హాల్లో కూర్చుని నా భవిష్యత్తు మాట్లాడుకున్నారు. నేను గదిలోంచి విన్నాను. నన్ను పిలవలేదు. ఏం చేయను?
– గదిలో ఉన్నవాణ్ని

జవాబు: బాబూ, ఈ ఉత్తరమే ప్రింటు తీసి వాళ్ల చేతికివ్వండి. నాకు రాసినంత సూటిగా వాళ్లకీ రాయగలరు మీరు.

వాళ్లు ప్రేమతోనే ఆ పని చేసి ఉంటారు. ప్రేమతో చేసినా అది తప్పే. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల ఒడంబడిక ఆమోదించింది. దాని 12వ అధికరణం చట్టం ముందు మీరూ అందరితో సమానమేనంటుంది. 19వ అధికరణం ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం మీకుండాలంటుంది. దానికీ చాలా ముందే ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన ఉన్నాడు. పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద దాదాపు ఒళ్లంతా చచ్చుబడింది, ఊపిరికి యంత్రం కావాలి. అలాంటి మనిషి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చదువుకుని, తనలాంటివాళ్లతో కలిసి 1972లో స్వతంత్ర జీవన కేంద్రం పెట్టాడు. తానే నిలబడి చేయడం స్వతంత్రం కాదు, ఎవరు సాయం చేయాలో, ఎప్పుడు, ఎలా చేయాలో తానే నిర్ణయించడం స్వతంత్రం అన్నది వాళ్ల దారి. మీకు సాయానికి వచ్చే మనిషిని మీరు ఎంచుకోవాలి. మీ వీపు మీద చెయ్యి వేసేది ఎవరో నిర్ణయించే హక్కు మీ అన్నయ్యది కాదు.

తర్వాతిసారి లాయరు వచ్చే రోజు ముందే కనుక్కుని మీరే హాల్లోకి వెళ్లండి. మీ ప్రశ్నలు ముందు రోజే టైపు చేసి ఉంచుకోండి. మీరు మాట్లాడుతుంటే ఎవరైనా మాట అందుకుని పూర్తి చేయబోతే ఆగమనండి. ‘ట్రస్టీల్లో నేనెందుకు లేను?’ అన్నది మొదటి ప్రశ్నగా పెట్టుకోండి. లాయరు దానికి మీ అన్నయ్య వైపు కాకుండా మీ వైపు చూసి జవాబు చెప్పాలి.

మీ ఉత్తరం చదివాక నాకు నా తప్పే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట తమ్ముడి కోసం రెండు చోట్లు చూశాను. మొదటిది నాకు నచ్చింది. శుభ్రంగా ఉంది, చెట్లున్నాయి, నర్సు ఉంది. మనసులో అదే ఖాయం చేసుకుని, మాట కోసం రెండోదానికి కూడా వాణ్ని తీసుకెళ్లాను. పాత ఇల్లు, అయిదుగురే ఉంటారు. వాడు బయటికి వెళితే భుజానికి ఒక సంచి ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా, గంటలు కూర్చున్నా ఆ సంచి దించడు. ఇంటికి వచ్చాకే దించుతాడు. మొదటిచోట తోటలో తిరిగాడు, నర్సుతో నవ్వాడు, సంచి మాత్రం భుజానే ఉంది. రెండోచోట కిటికీ పక్క ఖాళీ మంచం దగ్గర ఆగాడు. సంచి తీసి, వంగి, మంచం కిందికి లోపలిదాకా తోసేశాడు. నేను ‘పద నాన్నా’ అన్నా లేవలేదు.

అక్కడే పేరు రాయించాను. వారానికి రెండు రాత్రులు వాడు ఉండేది ఆ కిటికీ పక్కనే. బాత్రూమ్ తలుపు వెనక నా చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: ‘ఆరు తర్వాత ఎనిమిది’.